నేను ఎత్తగలిగే సైకిలు కోసం వైజాగ్‌లో ఆరు రోజులు

మొదటి రోజు

తెల్లవారుజామున అయిదింటికి రాజమండ్రిలో బయలుదేరాం. తునిలో టిఫిను, అనకాపల్లిలో టీ అయ్యాక పదకొండు గంటలకల్లా ఎంవీపీ కాలనీలో మా ఆడపడుచు ఇంటి ముందు బండి ఆపాం. మా బండి మెల్లగానే నడుస్తుంది. అది మాకు రెండో ఇల్లు. ఆయన కరెంటు ఆఫీసులో రిటైరయ్యాక పాత టెంపో ట్రావెలర్ ఒకటి కొని, సీట్లు తీయించి, వెనక మంచం, పక్కన గ్యాస్ గట్టు, నీళ్ళ ట్యాంకు, పైన సోలార్ ప్యానెల్ పెట్టించుకున్నాం. ఆ మార్పులన్నీ ఆర్‌సీలో రాయించుకున్నాం కూడా. ఈ రెండేళ్ళలో హంపి, గండికోట, శ్రీశైలం చూసొచ్చాం.

ఎక్కడికి వెళ్ళినా ఒకటే ఇబ్బంది. బండి ఒకచోట నిలిపి, చక్రాల కింద చెక్కలు పెట్టి సమం చేసి, పక్కన గుడ్డ పందిరి లాగి కట్టాక, పాల ప్యాకెట్టు కోసమో జ్వరం మాత్ర కోసమో మళ్ళీ అదంతా విప్పాలి. పాత ఊళ్ళ సందుల్లో అంత పెద్ద బండి అసలు దూరదు. పైగా నేను ఆ బండి నడపను. ఆయన పడుకుంటే నేను ఎక్కడికీ కదలలేను. ఆయనకు మోకాళ్ళ నొప్పి, కిలోమీటరు నడిస్తే కూర్చోవాలి. అందుకే బండిలో పెట్టుకుపోయే కరెంటు సైకిలు కొందామనుకున్నాం.

మా అబ్బాయి డాలస్‌లో ఉంటాడు. సెలవుల్లో ఆర్‌వీ, అంటే మా బండిలాగే లోపల ఇల్లులా అమర్చిన బండి, అద్దెకు తీసుకుని తిరుగుతాడు. వాడు పంపిన వీడియోల్లోవన్నీ లావు టైర్ల సైకిళ్ళు, ఒక్కొక్కటి ముప్పై కిలోలు. అమెరికా కేంద్ర చట్టం ప్రకారం 750 వాట్ల లోపు మోటారు ఉండి, మోటారు మీదే నడిస్తే గంటకు 20 మైళ్ళ లోపు వేగమైతే దాన్ని సైకిలు కిందే లెక్కేస్తారు. మన దగ్గర అలా కుదరదు. మోటారు 250 వాట్ల లోపు, వేగం 25 కిలోమీటర్ల లోపు ఉంటేనే రిజిస్ట్రేషన్, లైసెన్సు అక్కర్లేదు. వాడు సంక్రాంతికి వస్తూ ఒకటి తెస్తానన్నాడు గానీ, 160 వాట్ అవర్లు (బ్యాటరీలో ఎంత కరెంటు పడుతుందో చెప్పే కొలత) దాటిన లిథియం బ్యాటరీని ప్రయాణికుల విమానంలో ఎక్కనివ్వరు. సైకిలు బ్యాటరీ చిన్నదైనా దానికి రెట్టింపు దాకా ఉంటుంది. ఇక్కడే చూసుకోవాలని తేలిపోయింది.

వైజాగే ఎందుకంటే, చదునైన బీచ్ రోడ్డు, దాని పక్కనే నిటారు ఎత్తులు, ఇనుము తినేసే ఉప్పుగాలి, వంద కిలోమీటర్ల లోపే అరకు ఘాట్... సైకిలుకు పరీక్షలన్నీ ఒకే ఊళ్ళో దొరుకుతాయి. ఆడపడుచు ఇల్లు ఎలాగూ ఉంది.

భోజనాలయ్యాక ఆయన టేపు తీసి మంచం కింద అర కొలిచారు. వెడల్పు 96 సెంటీమీటర్లు, ఎత్తు 68, లోతు 90. మడత సైకిళ్ళు ఒకదాని వెనక ఒకటి, రెండు పట్టాలి. తర్వాత నేను ఇంకో కొలత తీయమన్నాను, నేల నుంచి అర గడప దాకా. 74 సెంటీమీటర్లు. అంటే నా తొడ పైభాగానికి.

మా ఆడపడుచు ఇంట్లో 25 కిలోల బియ్యం బస్తా విప్పకుండా ఉంది. వాకిట్లోకి తెప్పించి, సైకిలనుకుని అరలోకి ఎత్తి చూశాను. మొదటిసారి ఎక్కింది. దించి మళ్ళీ ఎత్తబోతే నడుం దగ్గర చురుక్కుమంది. "వదినా, నడుం పట్టేస్తే వారం రోజులూ మంచం మీదే ఉంటావు, వదిలెయ్" అంది తను. బస్తా విప్పి పది కిలోలు డబ్బాలో పోయించాను. మిగిలిన పదిహేను కిలోలు మూడుసార్లు ఎత్తాను, మూడుసార్లు దించాను, ఏమీ కాలేదు. కాస్త బియ్యం తిరిగి పోయించి పద్దెనిమిది చేస్తే ఎత్తగలిగాను గానీ గడప దగ్గర ఒక్క క్షణం ఆగాల్సొచ్చింది.

"నేనెత్తుతాను కదా, నువ్వెందుకు ఇంత అవస్థ పడటం" అన్నారాయన. ఆయన మోకాళ్ళు ఆ బరువుకు నిలవవు, అదొక సంగతి. అసలు సంగతి వేరే. దింపమని ప్రతిసారీ ఇంకొకరిని అడగాల్సొస్తే అది నా సైకిలు కాదు. బ్యాటరీ తీసేశాక పదహారు కిలోలు దాటకూడదు. ఆ రాత్రి డైరీలో ఆ అంకె చుట్టూ గీత గీసి పడుకున్నాను.

రెండో రోజు

ఊళ్ళో మూడు షాపులు తిరిగాం. మొదటి షాపులో మంచివే ఉన్నాయి కానీ ఒక్కటీ మడవడానికి రాదు. రెండో షాపులో మడత సైకిలు చూపించారు, ఇరవై అంగుళాల చక్రాలు, 36 వోల్టుల బ్యాటరీ. కాగితం మీద బరువు పద్దెనిమిదిన్నర అని రాసుంది. నేను ఎత్తి చూస్తే చేతులకు నమ్మకం కలగలేదు. ఆ షాపులో కాటా లేదు. కుర్రాడిని బతిమాలి, వీధి చివర పాత ఇనుప సామాను కొట్టుకి నడిపించుకుపోయాం. అక్కడి ఎలక్ట్రానిక్ కాటా మీద నిలబెడితే 21.6 చూపించింది.

షాపు కుర్రాడు తెల్లబోయాడు. తర్వాత ఆలోచిస్తే కారణం తెలిసింది. కంపెనీ వాళ్ళు చెప్పే బరువు ఉత్తి సైకిలుది. స్టాండు, మడ్‌గార్డులు, వెనక క్యారియర్, లైటు, బెల్లు, ఒక్కోసారి బ్యాటరీ కూడా అందులో ఉండవు. అవన్నీ కలిస్తే రెండు మూడు కిలోలు ఇట్టే పెరుగుతుంది. కాబట్టి కొనేవాళ్ళకి నేను గట్టిగా చెప్పే మాట ఒకటే. మీరు రోడ్డు మీద ఎలా నడుపుతారో అలా అన్నీ బిగించి, కాటా మీద పెట్టించండి. ఇనుప కొట్టువాళ్ళు డబ్బులు కూడా తీసుకోలేదు, "ఎంతొచ్చింది మేడమ్" అని వాళ్ళే ఉత్సాహపడ్డారు.

మూడో షాపులో రెండు నచ్చాయి. రెండూ అల్యూమినియం ఫ్రేమువే, రెండూ మడిచేవే. ఒకటి పదహారు అంగుళాల చక్రాలది, బ్యాటరీతో పదహారున్నర కిలోలు. ఇంకోటి ఇరవై అంగుళాలది, బ్యాటరీతో 17.8, తీస్తే 15.6. రెండూ అదే ఇనుప కొట్టు కాటా మీద తూచినవే. డిపాజిట్టు తీసుకుని రెండింటినీ నాలుగు రోజులు నడిపి చూసుకోమన్నారు. పొరుగూరి నుంచి ఇంత బండి వేసుకుని వచ్చామని తెలిసి అలా ఇచ్చారేమో, ఆ మాటకు వాళ్ళకి నిజంగా రుణపడి ఉన్నాం.

సాయంత్రం వాకిట్లో మడత నేర్చుకున్నాం. చూడ్డానికి తేలికే, అలవాటయ్యే దాకా కష్టం. ముందు సీటు దించాలి, తర్వాత హ్యాండిల్ గొళ్ళెం విప్పి పక్కకి వాల్చాలి, చివర ఫ్రేము మధ్య కీలు విప్పాలి. ఈ వరస తప్పితే బ్రేకు వైర్లు నలుగుతాయి. మడిచాక రెండు చక్రాలనీ పట్టి ఉంచే అయస్కాంతం పెద్ద సైకిలుకు గట్టిగా ఉంది, చిన్నదానికి బలహీనం. ఎత్తుతుంటే విడిపోయి పెడలు నా పిక్కకి కొట్టుకుంది. చైను నూనె చుడీదారు నిండా అంటింది. రెండోసారి చైను వైపు అవతలికి తిప్పి, ఒక చెయ్యి సీటు గొట్టం మీద, ఇంకో చెయ్యి కీలు పక్కన ఫ్రేము మీద వేసి, మోకాళ్ళు వంచి లేపాను. ఈసారి ఒంటికి ఏమీ తగల్లేదు. గొడుగు కట్టుకునే వెల్‌క్రో పట్టీ ఒకటి చక్రాలకు చుట్టేస్తే అయస్కాంతంతో పని లేదు.

మూడో రోజు

బీచ్ రోడ్డులో తెల్లవారుజామున కాసేపు బళ్ళని రానివ్వరు. నడిచేవాళ్ళు, పరిగెత్తేవాళ్ళు, స్కేటింగ్ పిల్లలతో రోడ్డంతా తిరునాళ్ళలా ఉంటుంది. కురుసుర సబ్‌మెరైన్ దగ్గర సైకిళ్ళు విప్పాం. నేను చివరిసారి సైకిలు తొక్కింది డిగ్రీ చదివే రోజుల్లో. హెల్మెట్ పెట్టుకుని, చున్నీ నడుముకు కట్టుకుని కూర్చున్నాను. ఫ్రేము కిందికి వంగి ఉంటుంది కాబట్టి కాలు ఎత్తి తిప్పాల్సిన పని లేదు. చీరలో కూడా ఎక్కొచ్చు.

రెండు సైకిళ్ళకూ ఉన్న పెద్ద తేడా అక్కడే తెలిసింది. చిన్నదానిలో ఉన్నది పెడలు తిరుగుతోందా లేదా అని మాత్రమే చూసే సెన్సర్. పెడలు సగం తిరిగాక మోటారు ఒక్కసారిగా అందుకుంటుంది. మీరు గట్టిగా తొక్కినా ఊరికే కాళ్ళు ఆడించినా అదే బలం. జనం మధ్య ఆ కుదుపు నాకు భయం వేసింది. పెద్దదానిలో ఉన్నది టార్క్ సెన్సర్, పాదం ఎంత నొక్కితే మోటారు అంత కలుపుతుంది. ఎవరో వెనక నుంచి వీపు మీద చెయ్యి వేసి మెత్తగా తోస్తున్నట్టు ఉంది. కాళ్ళు నావే, బలం మాత్రం ఇరవై ఏళ్ళ కిందటిది.

కానీ ఆయన మాట వేరు. మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళకి మొదటి తొక్కుడే కష్టం, టార్క్ సెన్సర్ అయితే ఆ మొదటి నొక్కుడు నొక్కాల్సిందే. "నిలబడ్డ చోటు నుంచి కదలడానికి నాకు థ్రాటిల్ కావాలి" అన్నారు. అదృష్టం కొద్దీ పెద్దదానికి, బొటనవేలితో నొక్కితే తొక్కకుండానే కదిలించే థ్రాటిల్ కూడా ఉంది. అది నొక్కి కదిలి, రెండు గజాలు పోయాక తొక్కడం మొదలుపెడితే ఆయన మోకాలు ఊరుకుంది. మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళు ఎవరైనా షాపులో ఒక రౌండు కొట్టి మురిసిపోకుండా, పదిసార్లు ఆగి పదిసార్లు కదిలి చూసుకోవాలి.

టిఫినయ్యాక భీమిలి వైపు బయలుదేరాం. మా బండిని ఆడపడుచు భర్త నడుపుతూ వెనక వచ్చారు. జోడుగుళ్ళపాలెం, సాగర్‌నగర్ దాటి రుషికొండ దాకా సముద్రం పక్కనే హాయిగా సాగింది. ఆ బీచ్‌కి 2020లో, శుభ్రమైన బీచ్‌లకిచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. అది దాటాక ఎడమ చేతి వైపు తొట్లకొండ. కొండ మీద బౌద్ధ భిక్షువులు రాతిలో తొలిపించుకున్న నీటి తొట్లు ఉన్నాయి, ఆ పేరు అందుకే వచ్చింది. నౌకాదళం ఆ చుట్టుపక్కల సర్వే చేస్తున్నప్పుడు ఆ శిథిలాలు బయటపడ్డాయి.

కొండ రోడ్డు ఎక్కడమే మా అసలు పరీక్ష. ఆయన ముందే లెక్క వేసి పెట్టారు. మనిషి, సైకిలు కలిపి నూరు కిలోలు, ఎక్కాల్సింది సుమారు నూరు మీటర్లు. ఆ ఎత్తుకు లాగడానికే 27 వాట్ అవర్లు కావాలి. మోటారులో వేడిగా పోయేది కూడా కలిపితే నలభై. ఈ సైకిలు బ్యాటరీ 36 వోల్టులు, 7.8 ఆంపియర్ అవర్లు, అంటే 280 వాట్ అవర్లు. ఏడో వంతు ఒక్క కొండకే సరి. చదును రోడ్డు మీద కిలోమీటరుకు పది వాట్ అవర్లు చాలు కాబట్టి, అదే కరెంటుతో నాలుగు కిలోమీటర్లు పోవచ్చు.

చిన్న సైకిలుకు గేర్లు లేవు. సగం కొండకి వచ్చేసరికి వేగం ఏడెనిమిదికి పడిపోయింది, వెనక చక్రం ఇరుసు దగ్గర చెయ్యి పెడితే చురుక్కుమంది. చక్రంలో ఉండే మోటారు నెమ్మదిగా తిరిగే కొద్దీ కరెంటు వేడిగానే పోతుందని ఆయన చెప్పారు. పెద్దదానికి ఏడు గేర్లు. తేలిక గేరులో వేసుకుని, కాళ్ళు కూడా కలిపి, పన్నెండు పదమూడు వేగం తగ్గకుండా చూసుకుంటే మోటారు గోరువెచ్చగానే ఉంది. ఆయాసం వచ్చింది, నిజమే. కానీ దిగి తోయలేదు. పైన తొట్ల పక్కన నిలబడి సముద్రం చూస్తుంటే కళ్ళు చెమర్చాయి. ఆయన మోకాళ్ళతో ఒక కొండ ఎక్కడం మళ్ళీ చూస్తాననుకోలేదు.

మోటారు పెడళ్ళ మధ్య ఉండే రకం సైకిళ్ళు ఎత్తులకు ఇంకా మంచివి, గేర్ల బలాన్ని అవి వాడుకుంటాయి. కానీ ధర బాగా ఎక్కువ, చైను త్వరగా అరుగుతుంది, పాడైతే పెద్ద ఊళ్ళోనే బాగు చేయించాలి. ఊరూరా తిరిగే మాలాంటి వాళ్ళకి చక్రంలో మోటారే మేలని మేం తేల్చుకున్నాం.

మంగమారిపేట దాటాక ఎర్రమట్టి దిబ్బలు. సైకిళ్ళు బండి దగ్గరే ఉంచి నడిచి చూశాం, ఆ మట్టి మీద చక్రాలు తిప్పకూడదు. భీమిలి చేరేసరికి మధ్యాహ్నం రెండు. గోస్తనీ సముద్రంలో కలిసేచోట పడవలు ఒడ్డుకు లాగి ఉన్నాయి. వల బాగుచేసుకుంటున్న పెద్దాయన మా సైకిళ్ళ చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు.

"ఏటమ్మా, తొక్కకండానే ఎల్లిపోతందేటి?"

తొక్కితే సాయం చేస్తుందని చెప్పాను. చైను మీద వేలితో రాసి నాకు చూపించాడు. ఉదయం నుంచి ఆ గాలిలో తిరిగినందుకే సన్నగా జిడ్డు, ఇసుక పేరుకుంది.

"ఉప్పుగాలికి ఇనుం నిలవదమ్మా. మేం ఏట నుంచి రాగానే ఇంజినుని మంచినీళ్ళతో కడిగీసి, ఆరబెట్టీసి, నూనె రాసీస్తాం. ఇయ్యేళ సేద్దాం రేపు సేద్దాం అనుకుంటే పోనాదే."

ఆ మాట అక్షరాలా పాటించాం. గొట్టం పెట్టి గట్టిగా కొడితే నీళ్ళు బేరింగుల్లోకి, మోటారు వైరు చివరల్లోకి దూరతాయి, అందుకని తడిగుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో మళ్ళీ తుడిచి, చైనుకు నూనె చుక్కలు వేశాం. ఛార్జింగ్ రంధ్రం రబ్బరు మూత బిగుతుగా ఉందో లేదో చూశాం. చిన్న సైకిలు మూత వదులుగా ఉంది. దాన్ని తిరిగి ఇచ్చేయాలని నా మనసులో అప్పుడే ఖాయమైంది.

నాలుగో రోజు

అరకు ప్రయాణం. పెందుర్తి, కొత్తవలస, శృంగవరపుకోట మీదుగా ఘాట్ ఎక్కాం. రెండు సైకిళ్ళూ మంచం కింద అరలో, మధ్యలో పాత బొంత మడత. బ్యాటరీలు తీసి సీటు కింద పెట్టెలో పెట్టాం. ఘాట్ మలుపుల్లో ఒక్కసారి కూడా అర లోంచి చప్పుడు రాలేదు.

గాలికొండ వ్యూ పాయింట్ దగ్గర హైదరాబాద్ నుంచి వచ్చిన కారవాన్ కుటుంబం కలిసింది. వాళ్ళ రెండు సైకిళ్ళు బండి వెనక స్టాండుకి వేలాడుతున్నాయి. ఒక్కొక్కటి 24 కిలోలు, స్టాండు పన్నెండు, మొత్తం అరవై. వెనక చక్రాలు దాటి అంత దూరాన వేలాడే అరవై కిలోలు వెనక యాక్సిల్ మీద అరవై కంటే ఎక్కువే పడతాయి, ముందు చక్రాల పట్టు ఆ మేరకు తగ్గుతుంది. గుంతల్లో కుదిపి కుదిపి వాళ్ళ స్టాండు బోల్టు ఒకటి వదులైంది. నంబరు ప్లేటు, బ్రేకు లైటు సైకిళ్ళ వెనక పడి సగం కనిపించడం లేదు. ఆయన మా స్పానర్ ఇచ్చి ఆ బోల్టు దగ్గరుండి బిగించారు, ఎర్ర లైటు ఒకటి విడిగా పెట్టించుకోమని చెప్పారు. ఆవిడ మా అర చూసి, "మావి మడవడానికి రావండీ, ముందే తెలిస్తే ఇవే కొనుక్కునేవాళ్ళం" అంది.

అరకులో చలి. రాత్రి రెండు దుప్పట్లు కప్పుకున్నాం.

అయిదో రోజు

ఆరింటికి మెలకువ వచ్చింది. బయట మంచు, పది గజాల అవతల ఏమీ కనిపించడం లేదు. ఆయన గాఢనిద్రలో ఉన్నారు. చప్పుడు కాకుండా తలుపు తీసి, వెనక్కి వెళ్ళి, అర గొళ్ళెం తీశాను. ముందున్నది పెద్ద సైకిలే. దించాను. కీలు బిగించి గొళ్ళెం పడిందో లేదో రెండుసార్లు చూసుకున్నాను, మడత సైకిలుకు ప్రాణం అదే. బ్యాటరీ పెట్టి, హ్యాండిల్ లేపి, లైటు వేసుకుని బయలుదేరాను.

రెండేళ్ళ తిరుగుళ్ళలో నా అంతట నేను ఒక ఊరు చూడటం అదే మొదలు. పద్మాపురం తోట వైపు వెళ్ళాను, మంచులోంచి ఆవుల గంటలు వినిపిస్తున్నాయి. ఒక చిన్న హోటల్లో కాఫీ తాగాను. రోడ్డు పక్క గిరిజన స్త్రీలు అప్పుడే బుట్టలు దించుకుంటున్నారు. చిక్కుళ్ళు, ముల్లంగి, అల్లం, రాజ్మా కొన్నాను, నాలుగు కిలోలు తూగాయి. ముందు బుట్టలో పెట్టుకుని, పాలు కూడా కొనుక్కుని తిరిగొచ్చేసరికి ఏడున్నర. ఆయన బండి మెట్టు మీద కూర్చుని దారి చూస్తున్నారు. "ఎక్కడికెళ్ళావే, టెన్షన్ పడ్డాను" అన్నారు. "పాలకి వెళ్ళానండీ" అన్నాను. ఆ మాట అనడానికి రెండేళ్ళు పట్టింది.

పగలు ఛార్జింగ్ సంగతి చూశాం, కారవాన్ వాళ్ళకి ఇది తప్పనిసరిగా తెలియాలి. మా బండిలో ఫ్యాను, లైట్లకి విడిగా ఉన్న బ్యాటరీ 12.8 వోల్టులు, 100 ఆంపియర్ అవర్లు, అంటే 1280 వాట్ అవర్లు. సైకిలు బ్యాటరీ పూర్తిగా అయిపోయాక మళ్ళీ నింపితే ఇన్వర్టర్, ఛార్జర్‌లలో పోయేదాన్ని కలిపి 350 దాకా లాగుతుంది. రెండు సైకిళ్ళకి 700. రాత్రి ఫ్యాను, లైట్లు, ఫోన్లకి సగం కూడా మిగలదు. అందుకే సైకిళ్ళని రాత్రి ఛార్జింగ్ పెట్టకూడదని నియమం పెట్టుకున్నాం. బండి నడుస్తున్నప్పుడు, లేదా సోలార్ ప్యానెల్ మీద ఎండ పడుతున్నప్పుడే. ఇందులో ఇంకో మంచి కూడా ఉంది. లిథియం బ్యాటరీ నిద్రపోయే గదిలో, మనం నిద్రలో ఉండగా ఛార్జ్ అవ్వకూడదు. ఛార్జర్ 42 వోల్టులు, రెండు ఆంపియర్లది. నిండటానికి నాలుగు గంటలు దాటింది. ఇన్వర్టర్ ప్యూర్ సైన్ వేవ్‌దే, అంటే ఇంటి కరెంటులాంటి కరెంటు ఇచ్చేదే ఉండాలి, చవక రకానికి పెడితే ఛార్జర్ వేడెక్కి మూలుగుతుందని ఆయన తన సర్వీసులో చూసిన సంగతి చెప్పారు. బండి మూసి ఎండలో వదిలేస్తే లోపల పొయ్యిలా ఉంటుంది, అలాంటప్పుడు బ్యాటరీలు వెంట తీసుకుపోవడమో నీడ చూసి ఆపడమో చేయాలి.

మధ్యాహ్నం దిగుదారిలో శృంగవరపుకోట దగ్గర పంక్చర్ షాపులో ఆగాం. పంక్చరేమీ పడలేదు, అడిగి తెలుసుకుందామనే. ఆ కుర్రాడు మోటారు చక్రం చూసి కంగారు పడలేదు. చక్రం ఊడదీయకుండానే టైరు ఒక పక్క లాగి, ట్యూబు బయటకు తీసి, ప్యాచీ ఎలా వేస్తాడో చూపించాడు. పూర్తిగా ఊడదీయాలంటే ముందు మోటారు వైరు కనెక్టర్ విప్పి, ఇరుసు నట్లకి 18 నంబరు స్పానర్ వాడాలి. ఇరవై అంగుళాల ట్యూబులు పిల్లల సైకిళ్ళకి వాడేవే, ఏ ఊళ్ళోనైనా దొరుకుతాయి. లావు టైరు వాటివి దొరకవని ఖచ్చితంగా చెప్పాడు.

ఆరో రోజు

షాపుకి వెళ్ళి చిన్నది తిరిగిచ్చాం. ఇరవై అంగుళాలదే, రెండు తీసుకున్నాం. రెండూ ఒకే రకం కావాలని నేను పట్టుబట్టాను. ఒకే ఛార్జర్, ఒకే ట్యూబు, ఒకే స్పానర్ సరిపోతుంది. ఒకరి బ్యాటరీ అయిపోతే ఇంకొకరిది వేసుకోవచ్చు. ఆయన ఒకదానికి వెనక క్యారియర్ వద్దని తీయించారు, 700 గ్రాములు తగ్గింది. ఎత్తడానికి ఇనుప ర్యాంపు కూడా కొందామన్నారు, అది వద్దన్నాను. దాన్ని మోసేది కూడా మనమే కదా.

కొత్త బండికి వైజాగ్ వాళ్ళు ముందు తీసుకెళ్ళేది ఆశీల్‌మెట్ట సంపత్ వినాయకుడి దగ్గరికి. మా ముందు ఒక కారు, రెండు మోటారు సైకిళ్ళు, ఒక ఆటో వరసలో ఉన్నాయి. పూజారిగారు మా రెండు సైకిళ్ళకీ పసుపు కుంకుమ పెట్టి, హ్యాండిళ్ళకి దండలు వేసి, కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. ఆడపడుచు, నేను ఒకేసారి ముందుకి కదిపాం.

సాయంత్రం వాళ్ళింటి నుంచి సెలవు తీసుకుని, రాత్రికి రుషికొండ వైపు ఒక తోటలో అడిగి బండి నిలుపుకున్నాం. చెక్కలు పెట్టి సమం చేసి, పందిరి గుడ్డ కట్టాక ఆయన మోకాళ్ళకి నూనె రాసుకుని నడుం వాల్చారు. పెరుగు లేదని అప్పుడు గుర్తొచ్చింది. వెనక్కి వెళ్ళి అర తీశాను. దండ ఇంకా వాడిపోలేదు. పసుపు చేతికి అంటింది. సైకిలు దించి, బ్యాటరీ పెట్టి, పెరుగుకి బయలుదేరాను.